విందులో ఒక గ్లాసు వైను

ప్రశ్న: ఊళ్లో పండుగకు అమ్మమ్మ పక్కన కూర్చుని కల్లు తాగినప్పుడు కలగని అపరాధ భావం, హైదరాబాద్‌లో ఆఫీసు విందులో ఒక గ్లాసు వైను తాగితే ఎందుకు కలుగుతోంది? నేను చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు కాదమ్మా. తెలంగాణ పల్లెల్లో కల్లు పండుగల వేళ అయినవాళ్ల మధ్య తాగేది కనుక దానికి సంఘం ఆమోదం ఉంది. సీసా మద్యానికి మాత్రం, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలను సారాపై తిరగబడేలా చేసిన కన్నీళ్ల జ్ఞాపకం అంటుకొని ఉంది. ఆ కోపం న్యాయమైనదే, అయితే అది కూలి డబ్బు తాగేసి ఇల్లాలిని కొట్టే మనిషిపై పుట్టిన కోపం. మగవాళ్ల గ్లాసులను ఎవరూ లెక్కపెట్టని విందులో మీ గ్లాసునే గమనించడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆరోగ్యం సంగతి వేరు: ఎంత కొద్ది మద్యమైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది, కల్లుకూ అది వర్తిస్తుంది. దిగులు మరవడానికి తాగుతున్నా, మానాలనుకుని మానలేకపోతున్నా వెంటనే వైద్యుణ్ణి కలవండి.