కౌన్సిల్ కెమెరా ఉన్నా ఫుటేజీ ఇవ్వట్లేదంటే ఇలా చేయండి

నమస్తే అండీ. లండన్‌లో మీ ఫ్లాట్ల వెనక కుర్రాళ్లు రాత్రుళ్లు గుమిగూడి గొడవ చేస్తున్నారనీ, కారు అద్దం పగలగొట్టారనీ, ఎదురుగా కెమెరా ఉన్నా కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ లాంటిది) ఫుటేజీ ఇవ్వనందనీ రాశారు. చదివి బాధనిపించింది.

ముందు ఈరోజే పోలీసుల 101 నంబర్‌కి (అత్యవసరం కానివాటికి) ఫోన్ చేసి క్రైమ్ రిఫరెన్స్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నంబర్, తీసుకోండి. కెమెరా పక్కన వీధిదీపం స్తంభం మీద నంబర్ ఉంటుంది. అది, అద్దం పగిలిన టైము చెప్పి, ఫుటేజీ చెరిగిపోకుండా ఆపించమని అడగండి. చాలా చోట్ల దాన్ని సుమారు నెల రోజులే ఉంచుతారు. నేను నా కారు విషయంలో రేపు మాపు అంటూ ఆరు వారాలు ఆగాను. అడిగేసరికి చెరిపేశారు.

డేటా రక్షణ చట్టం కింద మీరు అడిగితే మీరు కనిపించే ఫుటేజీయే ఇస్తారు, మిగతావాళ్ల ముఖాలు మసక చేస్తారు. ఆ కుర్రాళ్లది కావాలంటే పోలీసులు అడగాలి. మీ ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అడగొచ్చు.

గొడవ జరిగిన ప్రతిసారీ తేదీ, టైము రాసుకుని కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టండి, నెల దాటనివ్వకండి. 6 నెలల్లో 3 ఫిర్యాదులు చేసినా ఫలితం లేకపోతే, ఇలాంటి అల్లర్లపై 2014లో వచ్చిన చట్టం ప్రకారం కేస్ రివ్యూ, అంటే మీ కేసుని మళ్లీ పరిశీలించమని, కోరే హక్కు మీకుంది. అప్పుడు కౌన్సిల్, పోలీసులు కలిసి కూర్చుని ఏం చేశారో మీకు జవాబు చెప్పాలి. ఇది చాలామంది మనవాళ్లకి తెలియదు. అలాగే, వాళ్లు గొడవలో ఉండగా దగ్గరికెళ్లి వీడియో తీయకండి. ప్రమాదం అనిపిస్తే వెంటనే అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేయండి.