రష్యన్‌లో బల్ల మగా, పుస్తకం ఆడా?

ప్రశ్న: నేను రష్యన్ నేర్చుకుంటున్నాను. బల్ల పుంలింగమట, పుస్తకం స్త్రీలింగమట, కిటికీ నపుంసకమట. ప్రాణం లేని వాటికి ఈ తేడాలేంటి? ప్రతి మాటకీ లింగం బట్టీ పట్టాల్సిందేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కర్లేదండీ. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది, మగమనిషైతే వచ్చాడు, ఆడమనిషైనా ఆవైనా బస్సైనా వచ్చింది. ఆ అలవాటుతోనే మీరు బల్లలో మగతనం ఎక్కడుందా అని వెతుకుతున్నారు. ఆ వెతుకులాట మానేసి మాట చివరి అక్షరం చూడండి, చాలావరకు తేలిపోతుంది.

హల్లుతో ముగిస్తే పుంలింగం: స్తోల్ (బల్ల), దోమ్ (ఇల్లు). 'అ' లేదా 'య' ఉంటే స్త్రీలింగం: క్నీగ (పుస్తకం), వదా (నీళ్లు). 'ఒ' లేదా 'ఎ' ఉంటే నపుంసకం: అక్నో (కిటికీ), మోరె (సముద్రం). అయితే చెవిని నమ్మకండి. ఊనిక పడని (నొక్కి పలకని) 'ఒ' పలుకుబడిలో 'అ' లాగే వినిపిస్తుంది, స్లోవ (పదం) విన్నవాళ్లు స్త్రీలింగం అనుకుంటారు, రాతలో చూస్తే చివర 'ఒ' ఉంటుంది. కాబట్టి కొత్త మాటని రాసి నేర్చుకోండి.

మనుషుల దగ్గర మాత్రం అర్థానిదే పైచేయి, పాప అంటే నాన్న, చివర 'అ' ఉన్నా పుంలింగమే. వ్రేమ్య (సమయం), ఈమ్య (పేరు) లాంటి ఓ 10 మాటలు 'య'తో ముగిసినా నపుంసకం, అవొక్కటీ గుర్తుపెట్టుకోక తప్పదు.

అసలు చిక్కు మృదు చిహ్నం (ь అనే అక్షరం)తో. దానికి సొంత శబ్దం లేదు, ముందున్న హల్లుని మెత్తబరుస్తుందంతే. దాంతో ముగిసే మాట ఏ లింగమో చూసి చెప్పలేం: ద్యెన్ (పగలు) పుంలింగం, నోచ్ (రాత్రి) స్త్రీలింగం. ఇక్కడా కొన్ని ఆధారాలున్నాయి. రాదస్త్ (ఆనందం), నోవస్త్ (వార్త) లాగా 'ఓస్త్' చేర్చి గుణం నుంచి పుట్టించిన మాటలు స్త్రీలింగం, ఉచీతెల్ (టీచర్) లాంటి పని చేసేవాళ్ల పేర్లు పుంలింగం. నెలల పేర్లలో 9 మృదు చిహ్నంతోనే ముగుస్తాయి, అయినా మొత్తం 12 పుంలింగమే.

మిగిలినవాటికి నేను చెప్పే పద్ధతి ఒకటే, మాటని ఒంటరిగా నేర్చుకోవద్దు, ముందు 'నా' పెట్టి నేర్చుకోండి: మోయ్ ద్యెన్, మయా నోచ్, మయో అక్నో. రష్యన్‌లో విశేషణం, భూతకాల క్రియ కూడా లింగాన్ని బట్టి మారతాయి (ఇల్లు ఉండేది అనడానికి దోమ్ బిల్, పుస్తకానికైతే క్నీగ బిలా), అందుకే ఈ జంటలు నోటికి వస్తే మాట్లాడేటప్పుడు ఆలోచించాల్సిన పని సగం తగ్గుతుంది. బహువచనంలో ఈ గొడవే లేదు, మూడు లింగాలకీ 'నావి' అనడానికి మయీ ఒక్కటే.

ఇంకోటి, కోఫె (కాఫీ) 'ఎ'తో ముగిసినా పుంలింగం. వాడుకలో చాలామంది నపుంసకంగా అనేస్తారు, పరీక్షలో మాత్రం పుంలింగమే రాయండి.