రోజుకో పేజీ రాయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ఏడాదిలో ఒక్కో తేదీకి ఒక్కో పేజీ చొప్పున, ఆ రోజున వేర్వేరు సంవత్సరాల్లో ఏమేం జరిగాయో పుస్తకంగా రాస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మా ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందని సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ కూడా మొదలైంది. పత్రికలో ఏళ్ల తరబడి ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చూసినవాణ్ణి, ఎక్కడెక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. తేదీకో ఫోల్డర్ పెట్టుకో. ప్రతి విషయం పక్కనా అది ఎక్కడ దొరికిందో రాసుకో. ఒకరిని చూసి ఒకరు రాసింది నాలుగుచోట్ల కనిపించినా అది ఒక్క సాక్ష్యమే. వేళకు తిను.

ఏప్రిల్ 23 దగ్గర మాత్రం ఆగు. ఇంగ్లండ్ రచయిత షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616లో ఆ ఒక్కరోజే కన్నుమూశారని ఎక్కడ చూసినా ఉంటుంది. యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది కూడా ఆ తేదీనే. మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఈ సంగతి రాసి తెచ్చాడు. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. ఎర్ర పెన్సిల్ తీసి ‘ఒకే రోజు’ అన్న మాట కింద గీత గీసి, “ఎవరి క్యాలెండర్ ప్రకారం నాయనా?” అని అడిగారు. మాలో ఒక్కరం నోరెత్తలేదు. ఆయన విసుక్కోకుండా ఒక న్యూస్‌ప్రింట్ ముక్క మీద ఎడమవైపు స్పెయిన్, కుడివైపు ఇంగ్లండ్ అని రాసి మొదలుపెట్టారు.

పాత జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది ఉండాల్సినదానికంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. అది వందల ఏళ్లు పోగుపడి, పదహారో శతాబ్దానికి తేదీలు రుతువులతో పొంతన లేకుండా పోయాయి. పోప్ గ్రెగరీ పది రోజులు తీసేయించారు. 1582 అక్టోబర్ 4 తర్వాత తెల్లవారితే అక్టోబర్ 15. స్పెయిన్ వెంటనే మారింది. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా మారలేదు. కాబట్టి ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది ఏప్రిల్ 22న, 23 ఆయనను ఖననం చేసిన రోజు. ఇద్దరి మధ్యా పదకొండు రోజుల ఎడం ఉంది. ఆ కాగితం చివర పెద్దాయన రాసిన ‘11’ కింద రెండు గీతలు గీసి కుర్రాడి చేతిలో పెట్టారు. వాడు దాన్ని మడిచి జేబులో దాచుకున్నాడు. తర్వాత్తర్వాత మా అందరిలోకీ జాగ్రత్తగా రాసేవాడు వాడే అయ్యాడు.

గెలీలియో పోయిన ఏడే న్యూటన్ పుట్టాడన్న మాట కూడా ఇలాంటిదే. గెలీలియో పోయింది కొత్త లెక్కలో 1642 జనవరి 8న. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబర్ 25 ఇంగ్లండ్ పాత లెక్క, కొత్త లెక్కలో అది 1643 జనవరి 4. రష్యా కూడా 1917లో పాత లెక్కలోనే ఉంది, అక్టోబర్ విప్లవం నవంబర్ 7 పేజీలోకి ఎందుకొస్తుందో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. 1923కు ముందు ఏ దేశం తేదీ రాసినా, అప్పటికి అక్కడ ఏ క్యాలెండర్ నడుస్తోందో చూడకుండా రాయకు. బద్ధకించావంటే నేనూరుకోను.

గడియారం కూడా చూసుకో. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగు పెట్టినప్పుడు అమెరికాలో 1969 జూలై 20 రాత్రి, మన దగ్గర జూలై 21 ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. ఏ పేజీలో పెడతావో ముందే తేల్చుకుని, పుస్తకమంతా ఆ పద్ధతికే కట్టుబడు.

ఇక యాదృచ్ఛికాలు. లింకన్, డార్విన్ ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12న పుట్టారు. అమెరికా మాజీ అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ 1826 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లకు పోయారు. ఇవి నిజాలే, రాయి. అందులో విధిని మాత్రం వెతక్కు. ఉన్నవి 366 తేదీలే. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది.

నువ్వు మనసు పెట్టాల్సింది మనుషులు ఏరికోరి ఎంచుకున్న తేదీల మీద. జపాన్ లొంగిపోయి రెండేళ్లవుతుందని మౌంట్‌బాటన్ ఆగస్టు 15 ఎంచుకున్నాడు. జర్మనీలో బెర్లిన్ గోడ తెరుచుకున్నది 1989 నవంబర్ 9న. అయినా ఆ రోజును జాతీయ దినంగా పెట్టుకోలేదు. 1938లో అదే తేదీన నాజీలు యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, దుకాణాలు ధ్వంసం చేశారు కనుక. వాళ్ల జాతీయ దినం అక్టోబర్ 3 అయింది.

జనవరి 26 పేజీకి మాత్రం ఎన్ని రోజులైనా తీసుకో. 1930లో ఆ రోజున దేశమంతా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేశారు. రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26నే ఆమోదించినా, ఆ ప్రతిజ్ఞ గుర్తుగా 1950 జనవరి 26 దాకా ఆగి అమల్లోకి తెచ్చారు. 2001లో అదే తేదీ ఉదయం గుజరాత్‌లోని అంజార్‌లో బడిపిల్లలు గణతంత్ర దినం ఊరేగింపులో ఇరుకు వీధిలో నడుస్తున్నారు. ఎనిమిదీ ముప్పావు దాటగానే కచ్ భూకంపం వచ్చింది, రెండువైపులా ఇళ్లు ఆ పిల్లల మీద కూలాయి. ఆ వేళకు వాళ్లు ఆ వీధిలో ఉండటానికి కారణం ఆ తేదీయే తల్లీ. అలాంటి మూడు సంగతుల్ని మూడు చుక్కలు పెట్టి, కింద ఎవరో నటుడి పుట్టినరోజు నాలుగో చుక్కగా తగిలించావంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాకున్న అసలు భయం ఇదే. ఆ పేజీ ఏ తల్లో చదువుతుంది. ఆమెకు అది చరిత్ర కాదు, తన బిడ్డ తద్దినం. చావు రాసిన చోట ఆశ్చర్యార్థకం పెట్టకు. మృతుల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంటే పెద్దది బాగుందని ఎత్తి రాయకు.

ఫిబ్రవరి 29ని మరీ పలచగా వదిలేయకు. మొరార్జీ దేశాయ్ 1896లో ఆ రోజే పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు కనుక ఆయన తొలి పుట్టినరోజు 1904లోగానీ రాలేదు. చిన్నపిల్లలు ఇష్టంగా చదివే పేజీ అవుతుంది.

జనవరి, ఏప్రిల్ పేజీలు ముందు నాకు పంపు. ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో చదవలేను. రాత్రిళ్లు మేలుకుని రాస్తున్నావని మీ అమ్మ అంటోంది, అది మానెయ్.

ఆశీస్సులతో,
పెద్దనాన్న