మాటు పడిన చోట

పెదవాల్తేరు, విశాఖపట్నం
ఆదివారం ఉదయం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద పడుకుని, రెండోసారి బల్ల దగ్గర పెన్సిలు పట్టుకుని. "మాస్టారూ, మధురవాడ ఫ్లాట్‌లో కూర్చుంటే ఏమీ తోచట్లేదు, అందుకే అమ్మమ్మ ట్రంకుపెట్టె ముందేసుకుని రాశాను" అన్నావు. మంచి పని చేశావు. నేను నలభై ఏళ్ళుగా రాసినవాటిలో సగానికి పైగా అలా ఏదో ఒక పాత సామాను ముందు కూర్చుంటే పుట్టినవే. కానీ నీ కథలో పెట్టె మూత ఉంది, గొళ్ళెం ఉంది, తాళం ఉంది, "తుప్పుపట్టిన" అన్న మాట నాలుగుసార్లు ఉంది. అమ్మమ్మ లేదు. ఆ పెట్టె ఇంకెవరి అటక మీంచి దించినా నీ కథ అలాగే ఉండేది. నాకు గుచ్చుకున్నది అదే. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

పాతదనం సముద్రపొడ్డున రాళ్ళకీ ఉంది. మనకి కావలసింది వాడకం. వస్తువు ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది, ఎవరో దాన్ని బాగుచేస్తారు, ఆ తర్వాత దానికి ఇంకో పని అప్పగిస్తారు. ఆ చోటు వెతుక్కో. మా ఇంట్లో ఇత్తడి బిందె ఒకటి ఉంది, అడుగున మాటు వేసి ఉంటుంది. మాటంటే చిల్లు మీద లోహపు ముక్క పెట్టి అతికేది, మీ తరానికి తెలుసో లేదో. మాటు పడ్డాక అమ్మ దాంట్లో నీళ్ళు పట్టలేదు, బియ్యం పోసుకుంది. ఎందుకమ్మా అంటే "ఎంత అతికినా చెమ్మ ఊరుతుందిరా" అంది. బిందె అంతా ఒక ఎత్తు, రూపాయి బిళ్ళంత ఆ మాటు ఒక ఎత్తు. మా నాన్నకి ఆర్నెల్లు జీతం రాని ఏడాది అది. కొత్త బిందె ఎందుకు కొనలేదో ఆ మాటుకి తెలుసు.

ఇంకోటి, పని తెలియాలి. నా తొలినాళ్ళ కథ ఒకదాంట్లో కళాయి వేసే ముసలాయన్ని పెట్టాను. కరిగిన తగరాన్ని గిన్నెలోకి నీళ్ళలా వంపినట్టు రాశాను. "కళాయి పోయడం" అంటాం కదా, ఆ మాటను నమ్మాను. కథ అచ్చయ్యాక, వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర ఆ పని చేసే ఆయన ముందు గంటన్నర కూర్చున్నాను. ఆయన ఎక్కడా ఏమీ పొయ్యలేదు. గిన్నెను ఇసుకతో తోమాడు, బొగ్గుల మీద కాల్చాడు, నవాసారం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమంది, నా ముక్కు మండింది. తగరం పుల్లను వేడి గిన్నెకి రెండు మూడు చోట్ల తాకించి, దూదితో చకచకా చుట్టూ తిప్పాడు. చూస్తుండగానే లోపలంతా వెండిలా తెల్లబడింది. ఆ చేతులు చేసింది రుద్దడం. అచ్చయిన కథను వెనక్కి తెచ్చుకోలేను, ఇప్పటికీ బాధే. కళాయి అరిగిపోయిన ఇత్తడిలో పులుసు పెడితే కిలుమెక్కుతుంది, అందుకే ఆయన కొన్నాళ్ళకోసారి ప్రతి వీధికీ తిరిగి రావాల్సిందే. ఏ ఇంట్లో గిన్నెలు తగ్గుతున్నాయో, ఏ ఇంట్లో వంట ఆగిపోయిందో ఆయనకి ముందే తెలిసేది. ఈ సంగతి నాకు ఆ గంటన్నరలో దొరికింది. కథంతా అక్కడుంటే నేను తగరం వంపుతూ కూర్చున్నాను.

ఇప్పుడు మా జాడీ సంగతి చెప్తాను. నా బల్ల మీద పెన్నులు పెట్టుకునే జాడీ నువ్వు చూశావు, గోధుమరంగు మెడ, తెల్లటి పొట్ట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలినదాన్ని బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు, చూసే ఉంటావు. ఆ దెబ్బతో జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకి పోయారు. మా నాన్నకి అప్పుడు ఎనిమిదేళ్ళు. చోడవరం వైపు ఎడ్లబండిలో పోతూ, నాయనమ్మ ఒళ్ళో ఈ జాడీ పెట్టుకుని కూర్చుందట. చిన్నప్పుడు ఈ మాట విని, అందులో నగలు దాచిందేమో అనుకునేవాణ్ణి. ఒకసారి నాన్ననే అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఏమీ లేదురా, ఖాళీ జాడీ" అన్నాడు.

ఏప్రిల్ మొదటివారం. పాత ఆవకాయ అయిపోయింది, కొత్త కాయ ఇంకా కోతకి రాలేదు. ఖాళీ జాడీ పట్టుకుని బయల్దేరిందంటే, ఎక్కడ తలదాచుకున్నా ఆ వేసవిలో ఆవకాయ పెట్టాలని ఆవిడ లెక్క. బాంబుల గురించి నాయనమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. కాయలు మాత్రం ఆ ఏడు చోడవరంలో పులుపు చాలలేదని నేను పుట్టాక కూడా అనేది. దీనిమీద కథ రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. మొదట రాసినప్పుడు విమానాల చప్పుడుతో మొదలుపెట్టాను. తర్వాత అదంతా కొట్టేసి, కాయ పులుపుతో మొదలుపెట్టాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి జాడీ మీద పడింది, అంచు పోయింది, పొట్ట మీద బీట పడింది. మా ఆవిడ ఎంసీల్ ముద్దతో పూడ్చింది. ఊరగాయకి ఇక పనికిరాదు. కొన్నాళ్ళు గుండీలు, దారపు ఉండలు అందులో ఉన్నాయి, ఆ తర్వాత నా బల్ల ఎక్కింది. ఎంసీల్ మీద మా ఆవిడ బొటనవేలి ముద్ర ఉంది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. దీన్ని నేనింకా రాయలేదు. రాయగలిగినప్పుడు రాస్తాను.

ఉన్నదాన్ని చూసినంత శ్రద్ధగా లేనిదాన్ని కూడా చూడు. మా పెద్దమ్మ ఇంట్లో వసారా గోడకి ఉత్తరాల తీగ వేలాడేది. వచ్చిన కార్డు, కవరు వచ్చినట్టే కొక్కేనికి గుచ్చేవాళ్ళు, అడుగున అన్నిటికన్నా పాతది, పైన నిన్నటిది. ఆవిడ పోయాక ఆ తీగ మొత్తం దించి వరసగా చదివాను. నాలుగు మూలలా పసుపు రాసిన పెళ్ళి కబుర్లు, పురుళ్ళు, పరీక్ష పాసైన వార్తలు, అప్పు అడిగినవి. ముప్పై ఏళ్ళ ఉత్తరాల్లో ఒక్క చావు కూడా లేదు. నాకు కాసేపు అర్థం కాలేదు. చావు కబురు ఉత్తరాన్ని చదివి చింపెయ్యడం మన ఆచారం కదా. క్రమం తప్పకుండా నెలకోసారి రాసే ఒక చేతిరాత ఒకచోట ఆగిపోతుంది. తర్వాతి కార్డులో ఇంకెవరో "అక్కయ్య ధైర్యంగా ఉంది" అని రాస్తారు. ఆ రెండు కార్డుల మధ్య తీగ మీద జాగా ఏమీ లేదు, ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. కథ రాసేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? అయితే ఒక్కమాట. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళ పిల్లలు బతికే ఉన్నారు. నేను ఒక్కొక్కరినీ అడిగాను, ఒకరు వద్దన్నారు, ఆ ముక్క వాడలేదు. నువ్వు కూడా అడుగు.

"మా ఫ్లాట్‌లో అన్నీ కొత్తవే" అంటావేమో. ఊరు చూడు. ఓడలు బళ్ళవుతాయని సామెత. మన ఊళ్ళో 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా 2001లో విరమించి, ఆ మరుసటేడు నుంచి ఆర్కే బీచ్‌లో ఇసుక మీద మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల జలాంతర్గామి. అందరూ లోపలి టార్పెడోలు చూస్తారు. నువ్వు ఈసారి వెళ్ళినప్పుడు, జనం ఎక్కడానికి దాని పక్కన కోసిన గుమ్మం దగ్గర నిలబడు. నీళ్ళలో మునగడానికి పుట్టినదానికి పక్కన గుమ్మం కోశారంటే ఇక అది మునగదు. లోపల వివరాలు చెప్పేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే. వాళ్ళలో ఒకరిని ఇంటి సంగతులు అడిగి చూడు.

ఎత్తు మీంచి చూస్తే జాలరిపేటలో పాకల మీద ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ఎవరి ఇంటికో వాన కాస్తున్నాయి. పాత వలలు పెరటి కంచెలయ్యాయి. బీచ్‌లో ముంత మసాలా తిన్నాక పొట్లం పారెయ్యకు, విప్పి చదువు. నాకు ఒకసారి ఎవరో పిల్లవాడి సోషల్ జవాబుపత్రం వచ్చింది. అన్ని ప్రశ్నలకీ సగం సగమే రాశాడు, చివర్లో మాత్రం అర పేజీ నిండా తన పేరు రకరకాలుగా సంతకం పెట్టుకున్నాడు. ఆ కుర్రాణ్ణి నేను మర్చిపోలేదు.

నకిలీ పాతదనం జోలికి మాత్రం పోకు. పాత సామాన్లని అమ్మేచోట కొత్త ఇత్తడికి నల్లటి మందు పూసి వందేళ్ళదని చెప్తారు. భాషలోనూ ఆ పూత ఉంది. నీ కథలో అమ్మమ్మ చేత "గతకాలపు స్మృతుల సుగంధం" అనిపించావు. ఏ అమ్మమ్మా అలా అనదు. మీ అమ్మమ్మ పెట్టె తెరిచి ఏమనేదో గుర్తు తెచ్చుకో. "కలరా ఉండలు అయిపోయాయే" అనేదేమో.

ఒక వస్తువు మీదిదాన్ని ఇంకో వస్తువుకి వాడుకోవడంలో మన ఊరివాళ్ళు ఎప్పుడో చెయ్యితిరిగినవాళ్ళు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఇక్కడి కంసాలులు ఇంగ్లీషువాళ్ళ కోసం దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు చేశారు. దంతం మీద సన్నగా గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవాళ్ళు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. నేను ఫోటోలే చూశాను. పెట్టె ఆకారం ఇంగ్లీషువాళ్ళది, అంచుల మీద పాకిన పూలతీగ మన అద్దకం బట్టల మీద పూసేలాంటిది. బట్ట మీది తీగను దంతం మీదికి పాకించిన ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ రాసుకోలేదు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక నీ చిత్తు ప్రతులు. కుదరని కథల్ని చించేశానని రాశావు. ఆ పని చెయ్యకు. నాయనమ్మ పాత కాగితాలన్నీ చించి నానబెట్టేది. మూడు నాలుగు రోజులు బాగా నానాక, నానిన మెంతులు వేసి రోట్లో మెత్తగా రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి, ఎండబెట్టి ఊడదీస్తే బుట్ట. చాటకి కూడా అదే గుజ్జు అలికేది. సరిగా నానకపోతే బుట్ట ఎండాక పెచ్చులు లేచేది, అక్కడక్కడా అచ్చక్షరాలు అలాగే కనిపించేవి. నీ కథ ఇప్పుడు ఆ స్థితిలో ఉంది, ఇంకా నానాలి. రెండో పేజీలో అమ్మమ్మ తాళంచెవి కొంగుకి ముడేసుకుని, ఆ ముడి విప్పడానికి పళ్ళు వాడిందని ఒక వాక్యం రాశావు. అది ఉంచుకో. మిగతాదంతా నీళ్ళలో వెయ్యి.

మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చో. బట్టలన్నీ బయటకి తీసి మంచం మీద పెట్టు. మన ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున న్యూస్‌పేపరు పరుస్తారు, తుప్పు బట్టలకి అంటకుండా. నువ్వు అంతవరకూ వెళ్ళలేదని నీ కథ చూస్తే తెలిసిపోతోంది. అంచుల దగ్గర అంటుకుపోయి ఉంటుంది, చాకు మొనతో మెల్లగా లేపు, చిరగనివ్వకు. పైన తేదీ ఉంటుంది. దాని కింద ఇంకో పేపరు ఉన్నా ఉండొచ్చు. ఆ తేదీలు అమ్మకి చూపించి, అప్పుడు అమ్మమ్మ ఏ ఊళ్ళో ఉందో, పెట్టె ఎందుకు సర్దిందో అడుగు. అమ్మ ఏం చెప్పిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు