5 వాట్ల నీలి లేజర్‌కి అడ్డుగా ఏం పెట్టాలి?

450 నానోమీటర్ల నీలి డయోడ్, 5 వాట్లు. ఎదురుగా నల్లరంగు పూసిన అట్టపెట్టె పెడితే చాలా అని అడిగారు. చాలదు. అట్ట కాలి చిల్లు పడుతుంది, కిరణం అందులోంచి దూరి వెనక గోడ మీద పడుతుంది. అంటుకుంటే అదో గొడవ. 5 మిల్లీవాట్ల పాయింటర్‌కైతే ఆ పెట్టే బ్రహ్మాండం.

నలుపు చూసి మోసపోకండి. నిగనిగలాడే నల్లరంగు కూడా పైపొర మీంచి 4 శాతం దాకా అద్దంలా తిప్పికొడుతుంది. 5 వాట్లలో 4 శాతమంటే 200 మిల్లీవాట్లు, కన్ను పోవడానికి అది ఎక్కువే. మామూలు గాజు ఒక్కో ముఖమూ దాదాపు అంతే తిప్పుతుంది. కాబట్టి కాలనిది, మెరవనిది కావాలి.

చవగ్గా అయ్యేది రేకు ఉచ్చు. 1 మిల్లీమీటరు మందం ఇనుప రేకులు రెండు, ఒక్కోటి 15 సెంటీమీటర్ల పొడవు. ఒక కొస కలిపి, రెండో కొస 3 సెంటీమీటర్లు తెరిచి ఉంచండి. లోపలంతా బండి సైలెన్సర్లకు వేసే మ్యాట్ నల్లరంగు పలచగా రెండు పూతలు వేసి, ఒక రోజు ఆరనివ్వండి. పైనా కిందా రేకుతోనే మూసేయండి. కోణం 11 డిగ్రీల చిల్లర వస్తుంది. లోపలికెళ్లిన కిరణం బయటపడాలంటే పదిహేనుసార్ల దాకా గోడలకు కొట్టుకోవాలి. దెబ్బకి పదో వంతే మిగిలినా మూడు దెబ్బల్లో వెయ్యో వంతుకి పడిపోతుంది.

దీన్ని ఫోకస్ దగ్గర మాత్రం పెట్టొద్దు. అక్కడ చుక్క మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, రంగు క్షణంలో లేచిపోయి మెరిసే ఇనుము బయటపడుతుంది. ఫోకస్ దాటి కిరణం కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుకి విచ్చుకున్నాక పెట్టండి. ఉచ్చు వెనక ఒక మట్టి ఇటుక నిలబెడితే మంచిది. గరుకు ఇటుక కాలదు, కానీ వెలుగుని నలుదిక్కులా చిమ్ముతుంది, ఒక్క ఇటుకతో సరిపెట్టొద్దు.

సన్నని కిరణానికి గడ్డం బ్లేళ్ల దొంతర ఇంకా బాగా పనిచేస్తుంది. రెండంచుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, 100 పేర్చి బోల్టుతో బిగిస్తే 1 సెంటీమీటరు ముఖం. అంచుల వైపు నుంచి చూస్తే అది ఉక్కులా ఉండదు, మసిలా నల్లగా కనిపిస్తుంది. రెండేసి అంచుల మధ్య సన్నని లోయలో వెలుగు చిక్కిపోవడమే కారణం. వేలు, దుమ్ము తగలనివ్వొద్దు.

అసలు వాడకూడనివి: అల్యూమినియం ఫాయిల్ తిప్పికొడుతుంది, స్టీల్ ఉన్ని అంటుకుంటుంది, నల్ల యాక్రిలిక్ కరిగి మండుతుంది, పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది.

లేజర్‌ని మూసి ఉంచే పెట్టెలో చూసే కిటికీకి పారదర్శక యాక్రిలిక్ పెట్టేవాళ్లున్నారు. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ (10.6 మైక్రాన్లు) దాన్ని దాటలేదు, అక్కడ అది సరైనదే. నీలి కాంతికి మాత్రం అది లేనట్టే. ఇక్కడ 450 దగ్గర ఓడీ (వెలుగుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఎంతో అమ్మేవాళ్లు రాసిచ్చిన నారింజ పలక కావాలి. ఓడీ 4 అంటే పదివేలో వంతే దాటుతుంది, 5 వాట్లు 0.5 మిల్లీవాట్లకి దిగుతాయి. అదే పలక ఆకుపచ్చ పాయింటర్లలోంచి కారే 808, 1064 నానోమీటర్ల పరారుణాన్ని ఆపుతుందనుకోవద్దు. కంటికి కనబడని కిరణానికి రెప్ప కూడా పడదు.

ఆ పెట్టె తలుపుకి మైక్రోస్విచ్ పెట్టేటప్పుడు ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్, నొక్కనప్పుడు తెరిచి ఉండే) కాంటాక్టు వాడండి. తలుపు స్విచ్‌ని నొక్కితేనే కరెంటు వెళ్తుంది, వైరు తెగినా లేజర్ ఆగిపోతుంది.

పరీక్ష అతి తక్కువ పవర్‌తో, 450కి తగ్గ కళ్లజోడు పెట్టుకునే చేయండి. గది చీకటి చేసి, ఉచ్చు నోటి చుట్టూ తెల్ల కాగితం తిప్పుతూ, ఫోన్ కెమెరా తెర మీదే చూడండి. ఎక్కడైనా గుండ్రటి చుక్క కనబడితే ఏదో అద్దంలా తిప్పుతోందన్నమాట. మసక వెలుగైతే అది చెదిరిన కాంతి. చుక్క వచ్చిన చోట ముందుగా స్క్రూ తలలు చూడండి, ఎక్కువసార్లు దొంగ అవే.