జంటను వేరు చేసే ముందు ఒక్కమాట

బుజ్జీ,

నీ కన్విక్ట్ సిక్లిడ్ చేపలు జత కట్టాయని, వాటికోసం వేరే ట్యాంక్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భలే సంతోషం వేసింది. ఈ చేపల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. కానీ ‘వేరే ట్యాంక్’ అన్న మాట వినగానే టెన్షన్ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

మొట్టమొదట హీటర్ సంగతి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకెయ్. స్విచ్ ఆపితే చాలదు. బయటికి తీయాలంటే ప్లగ్ పీకాక ఓ పావుగంట నీళ్లలోనే చల్లారనివ్వు, వేడిమీద తీస్తే గాజు పగులుతుంది. నవ్వకు! తడి చేత్తో మిక్సీ ప్లగ్గు పెట్టే పిల్లవి నువ్వు, నాకు తెలియదా?

ఇక జంట విషయం. వాటిని కదపకు. కుండలో గుడ్లు పెట్టాక తల్లిదండ్రుల్ని బెదరగొడితే ఆ గుడ్లు అవే తినేస్తాయి. ఉన్న మూడడుగుల ట్యాంక్‌లోనే మధ్యకు అడ్డంగా జాలి (రంధ్రాల తెర) వెయ్యి. కొత్త ట్యాంక్, దెబ్బలు తిన్న నీ గౌరామి చేపకి పనికొస్తుంది. అందులో పాత ఫిల్టర్ స్పాంజి పెట్టు, మున్సిపల్ నీళ్లైతే యాంటీ క్లోరిన్ వెయ్యి.

ఆ జాలి తెర ఎందుకు అంటున్నానో చెప్తాను. మీ నాన్న కన్విక్ట్‌లంటే ఎందుకు ముఖం చిట్లిస్తాడో నీకెప్పుడైనా చెప్పాడా? చెప్పి ఉండడు.

విజయవాడ ఇంట్లో వాడికీ ఇలాగే జత కుదిరింది. ఆడదాని పొట్టమీద నారింజరంగు మచ్చలు మెరుస్తుంటే వీధిలో పిల్లలందర్నీ పిలిచి చూపించాడు. మిగతా చేపలన్నీ తోకలు చిరిగి పైమూలన గుంపుకట్టేవి. వాడికి పాపమనిపించి, జంటను తీసి రెండడుగుల ట్యాంక్‌లో పెట్టాడు. అడుగున ఇసుక, ఒక కుండ, అంతే. పైగా ‘కొత్త దంపతులకు ఏకాంతం కావాలి’ అంటూ మూడు వైపులా న్యూస్‌పేపర్ అంటించాడు. నేను వద్దన్నా వినలేదు.

అంతకుముందు మగది రోజంతా పక్క చేపల్ని తరుముతూ ఉండేది. ఇప్పుడు తరమడానికి ఎవరూ లేరు. ఆ కోపమంతా పెళ్లాం మీద పడింది. అది హీటర్ వెనక నిటారుగా, మూతి పైకి పెట్టి దాక్కునేది. తిండికి కిందికి దిగితే చాలు, మగది వచ్చి మీద పడేది. మీ నాన్న దాన్ని సరసం అనుకున్నాడు. ఒక పొద్దున చూస్తే ఆడది నీళ్లమీద తేలుతోంది. జబ్బుతో పోయిందని అందరికీ చెప్పి, ట్యాంక్ ఎవరికో ఇచ్చేశాడు. మళ్లీ చేపల జోలికి పోలేదు. ఇది నేను చెప్పానని వాడి దగ్గర అనకు, పాపం.

అందుకే శత్రువులు కనిపిస్తూ ఉండాలి, అందకూడదు. జాలి అవతల మోలీ చేపలు తిరుగుతుంటే మగదాని కోపం అటే పోతుంది, ఇద్దరూ కలిసి కాపలా కాస్తారు. ప్లాస్టిక్ జాలి తీసుకో, ఇనుపది తుప్పు పడుతుంది. ఇసుక మీద నిలబెట్టకు. ఇవి గుంతలు తవ్వే జాతి, రాత్రికి రాత్రే కింద దారి చేసేస్తాయి. ఇసుక పక్కకు తోసి అడుగు అద్దానికి ఆనించు. రంధ్రాలు సన్నగా ఉండాలి, లేకపోతే పిల్లలు అటు దూరి మోలీలకు భోజనమవుతాయి. జంట ఉన్న వైపు రెండో కుండ ఒకటి, నాలుగు రాళ్లు పెట్టు, ఆడదానికి దాక్కునే చోటుండాలి.

27 డిగ్రీల నీళ్లలో గుడ్లు మూడు రోజులకు అటూ ఇటూగా పొదుగుతాయి. తర్వాత నాలుగైదు రోజులు పిల్లలు గుంతలోనే మెలికలు తిరుగుతుంటాయి. ఈదడం మొదలుపెట్టాక ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న ఉప్పునీటి జీవులు) వెయ్యి. మన కోస్తాలో రొయ్యల హేచరీలు వాడేది అదే. ఫిల్టర్ స్పాంజిదే ఉండాలి, మోటారు ఫిల్టర్ పిల్లల్ని లాగేసుకుంటుంది.

ఒక కాన్పుకు వంద పిల్లలు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఎవరికిస్తావో ఇప్పుడే ఆలోచించు. చెరువులో మాత్రం వదిలావంటే నా అంత చెడ్డది ఉండదు. ఈ కన్విక్ట్‌ల కుటుంబానికే చెందిన తిలాపియా చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. చెరువుల్లో అవి ఎలా పెరిగిపోయాయో చేపలవాళ్లని అడుగు, చెప్తారు.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొరియర్‌లో పంపుతున్నాను, కరెంటు పోతే వాడు. గుడ్ల ఫోటోలు తర్వాత చూద్దాం. ముందు ఆడదాని తోక దగ్గర నుంచి తీసి పంపు, అంచులు చిరిగాయేమో చూడాలి.

మీ అత్తయ్య