శిరీషకు పిన్ని రాసిన ఉత్తరం

చిరంజీవి శిరీషకు పిన్ని ఆశీస్సులు.

పసిపిల్లలను చూసుకునే కేంద్రం తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి అంత భయపడ్డాను. ముప్పై ఏళ్లు క్యాజువాలిటీలో నర్సుగా చేసినదాన్ని కదా, ఏ పిల్లను చూసినా నా కళ్లు ముందు నోటివైపే పోతాయి.

గేటుకు గడియ, నీళ్ల తొట్టికి మూత నీకు చెప్పనక్కరలేదు. మింగిన వస్తువుల్లో నూటికి 80 పైగా వాటంతట అవే మలంలో పోతాయన్న మాటా నిజమే. ఆ మాటను నమ్ముకునే నేను తప్పు చేశాను.

ఒక రాత్రి రెండేళ్ల బాబును తల్లి ఎత్తుకొచ్చి, రూపాయి బిళ్ల మింగాడని చెప్పింది. చొంగకు చొక్కా తడిసిపోయింది. నీళ్లు పట్టిస్తే మింగలేక వదిలేశాడు. ఎక్స్‌రేలో గుండ్రని తెల్లని మచ్చ కనిపించింది. నాణెమే కదా, తెల్లవారాక తీస్తారులే అని ఆమెకు ధైర్యం చెప్పి, పెద్ద డాక్టరుకు కబురు పంపకుండా ఊరుకున్నది నేనే. ఉదయం సర్జన్ ఆ ఫిల్మును వెలుగుకు పెట్టి, మచ్చ అంచు లోపల ఉన్న రెండో వలయాన్ని వేలితో చూపించారు. అది బటన్ బ్యాటరీ, బొమ్మల్లో వేసే నాణెం లాంటి చిన్న గుండ్రటి బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ కరెంటు అక్కడి తడిలో క్షారాన్ని పుట్టిస్తుంది. 2 గంటల్లోనే లోపలి గోడ కాలిపోవచ్చు. బాబు బతికాడు గానీ, అన్నవాహిక సన్నబడిపోయి, దాన్ని వెడల్పు చేయించుకోవడానికి ఎన్నో నెలలు వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వుకు నేను తలెత్తలేకపోయేదాన్ని.

అందుకే చెబుతున్నాను, వినవే తల్లీ. బ్యాటరీ అని అనుమానం వచ్చినా సరే, ఎండోస్కోపీ, అంటే గొంతులోంచి సన్నని గొట్టం దింపి లోపల చూసే సదుపాయం, ఉన్న ఆసుపత్రికి ఆ క్షణమే బయలుదేరు. వాంతి చేయించవద్దు, అరటిపండుతో, అన్నం ముద్దతో కిందికి నెట్టాలని చూడవద్దు. బిడ్డకు ఏడాది దాటి, మింగగలుగుతూ, బ్యాటరీ మింగి 12 గంటలు కాకుండా ఉంటే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. దానికోసం ప్రయాణం మాత్రం ఆపకు. తీసేశాక కూడా కొన్ని వారాలపాటు, నోటి నుంచి రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా, తల్లిదండ్రులు మళ్లీ పరుగెత్తాలని చెప్పు. అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడలను మధ్యలో నొక్కి చిల్లు వేస్తాయి, కాబట్టి వాటినీ ఇంట్లోకి రానివ్వకు.

ఆదివారం వస్తాను. బొమ్మలన్నీ చాప మీద పరిచి ఉంచు. ఒక్కొక్కదాని బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో నా చేత్తో తిప్పి చూస్తాను.

నీ పిన్ని